కాళ్లు రుద్దుకొను రాయి

నుయ్యి ఉన్న ఇంట నూతి గట్టు మీద, కుళాయి వచ్చిన ఇంట స్నానాల గది మూలన, ఒక గరుకు రాయి పడి ఉంటుంది. దానిని ఎవరు తెచ్చినారో, ఎన్నడు తెచ్చినారో ఇంటివారికే జ్ఞాపకముండదు. స్నానవేళ మడమలు రుద్దుకొనుటకు తప్ప మరెందుకూ దాని ప్రసక్తి రాదు. రాజుల కిరీటాలకు, కత్తులకు చరిత్ర వ్రాసినవారు ఈ రాతిని పట్టించుకొనలేదు. అయినను, కిరీటాల కంటె దీని వంశము ప్రాచీనమైనది.

సింధు ప్రాంతమున మొహెంజొదారో త్రవ్వకాలు 1922లో ఆరంభమైనవి. నాలుగు వేల ఏండ్లకు పూర్వపు ఆ నగరమున ఇంటింటా ఇటుకలు పరచిన స్నానవేదికలు, నీరు పోవుటకు కాలువలు బయల్పడినవి. వాటితోపాటు కాల్చిన మట్టితో చేసిన గరుకు బిళ్లలు కొన్ని లభించినవి. ఒడలు, పాదములు రుద్దుకొనుటకు వాడిన పరికరాలుగా పురాతత్త్వజ్ఞులు వాటిని గుర్తించినారు. 1913 నుండి 1934 వరకు సర్ జాన్ మార్షల్ జరిపిన తక్షశిల త్రవ్వకాలలోను ఇట్టి రుద్దుడు బిళ్లలు దొరికినవి. నగరములు మారినవి, రాజ్యములు మారినవి. పాదము మాత్రము అదే పాదము, దాని అవసరము అదే అవసరము.

పాదము రుద్దుకొనుటను గురించి ఒక తీర్పు కూడ మన ప్రాచీన వాఙ్మయమున ఉన్నది. అది బౌద్ధుల వినయపిటకములోనిది. శ్రావస్తీ నగరమున విశాఖ అను మహోపాసిక ఉండెడిది. ఆమె ఒకనాడు బుద్ధుని సన్నిధికి ఒక చిన్న కుండను, ఒక చీపురును, ‘కతకము’ అను ఒక వస్తువును కానుకగా తెచ్చినది. కతకమనగా పాదములు రుద్దుకొను మట్టి బిళ్ల. తామరపూవు నడిమి దుద్దు వలె పైన బొడిపెలు తేల్చి దానిని చేసెడివారని వ్యాఖ్యాత చెప్పినాడు. బుద్ధుడు కుండను గ్రహించినాడు, చీపురును గ్రహించినాడు, కతకమును మాత్రము గ్రహింపలేదు. భిక్షువులు దానిని వాడరాదని నియమము కూడ చేసినాడు.

ఇంతవరకే చదివినవారికి, సన్న్యాసికి పాదముల శుభ్రత ఏల అని ఆయన భావించినట్లు తోచవచ్చును. కాని ఆ వెంటనే ఆయన మూడు వస్తువులను అనుమతించినాడు. గులకరాయి ఒకటి, కుండపెంకు ఒకటి, సముద్రఫేనము మూడవది. ఈ మూడవదానినే మన పచారీ కొట్లలో సముద్రపు నురుగు అంటారు. పేరు నురుగే గాని, వైద్యులు వాడునది ఒక సముద్రజీవి దేహములోని తేలికపాటి తెల్లని పెంకు. అనుమతి పొందిన ఈ మూడును వెల పెట్టి చేయించుకొనవలసినవి కావు. నిషేధము పాదసంరక్షణకు కాదు, దానిని ఆశ్రయించి వచ్చు విలాసమునకు. అవసరము ఎక్కడ ముగియునో, ఆడంబరము ఎక్కడ మొదలగునో చూపుటకు ఇంత చిన్న వస్తువును గీటురాయిగా తీసికొనుట విశేషము.

పాదమును నిర్లక్ష్యము చేయుట తపస్సు కాదని చెప్పు కథలు కూడ ఆ గ్రంథముననే ఉన్నవి. చంపానగరపు ధనికుని కుమారుడు సోణుడు మిక్కిలి సుకుమారుడు. భిక్షువైన పిమ్మట అతడు పట్టుదలతో నడచి నడచి పాదములు చీలి, నడచిన త్రోవ నెత్తురుతో తడిసినది. బుద్ధుడు అతనికి వీణతంత్రుల ఉపమానము చెప్పినాడు. తంత్రి మిక్కిలి బిగిసినను పలుకదు, మిక్కిలి సడలినను పలుకదు. తరువాత భిక్షువులకు ఒంటి అట్ట గల చెప్పులను అనుమతించినాడు. పిలిందవచ్ఛుడను మరొక భిక్షువునకు పాదములు పగిలినప్పుడు పాదములకు పూయు తైలమును అనుమతించినాడు. రాయి ఒక సగము, నూనె ఒక సగము అని దీని తాత్పర్యము.

మన కృష్ణాతీరమునకు ఈ ప్రస్తావనతో సంబంధము లేకపోలేదు. ఈ పాళీ వినయమును భద్రపరచినవారు సింహళ భిక్షువులు. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల కాలమున నాగార్జునకొండ మీద సింహళ విహారము ఉండెడిదని బోధిసిరి అను ఉపాసిక శాసనము తెలుపుచున్నది. అమరావతిలోను, నాగార్జునకొండలోను బుద్ధుని పాదములను శిలలపై చెక్కి పూజించినారు. ఊరూర తిరిగి బోధించిన మహానుభావునికి పాదముల కంటె తగిన గుర్తు మరేమున్నది?

ఇక వైద్యుల మాట. సుశ్రుతసంహిత ‘పాదదారి’ అను వ్యాధిని చెప్పినది. అది ఎక్కువగా నడచువారికి వచ్చును. వారి పాదములు ఎండి, రూక్షములై, అరికాలు నొప్పితో చీలును. చెడు బురద తగిలినందున వ్రేళ్ల సందులు చెమ్మగిల్లి దురద, మంట పుట్టుటను అదే గ్రంథము ‘అలసము’ అన్నది. ఈ రెండు వ్యాధులును అంతఃపురములో కూర్చున్నవారివి కావు. ఒకటి బాటసారిది, రెండవది వరిమడిలో నిలిచి నాట్లు వేయు కూలిమనిషిది. ఇటుకతో ఒడలు రుద్దుకొనుటను, పాదములకు నూనె మర్దించుటను సుశ్రుతుడు దినచర్యలో చేర్చినాడు.

నేటి శాస్త్రము దీనికి కారణము చెప్పుచున్నది. ఒత్తిడి తగిలిన చోట చర్మము తన్ను తాను కాపాడుకొనుటకు మందమగును. చేతులు కాయలు కాయుట ఇట్టిదే. ఒడలి చర్మములో జిడ్డును స్రవించు గ్రంథులున్నవి, అరికాలికి అవి లేవు. అందుచేత అక్కడి మందపు చర్మము త్వరగా ఎండి, దేహభారము పడినప్పుడు సాగలేక చీలును. రుద్దుట వలన మందము తగ్గును, నూనె వలన పొడి తగ్గును. ఒకటి చేసి రెండవది మానినచో పగులు మరల వచ్చును.

విశాఖ కానుకకు దక్కని ఆదరణ రాజగృహములలో దక్కినది. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున రాజు అనుభవింపదగిన ఇరువది ఉపభోగములలో పాదాభ్యంగము ఒకటి. తరువాతి కాలమున పశ్చిమ భారతమున చిలుకలను, గుర్రములను పిడులుగా పోతపోసిన ఇత్తడి ‘వజ్రి’లు వాడినారు. అవి నేడు వస్తుప్రదర్శనశాలల అద్దాల వెనుక ఉన్నవి. గులకరాయి మాత్రము నేటికిని నూతి గట్టుననే పనిచేయుచున్నది.

ఆ రాతికి మన ఇల్లాండ్రు ఒక తోడును సమకూర్చినారు. అది సున్నిపిండి. పెసలు, సెనగలు తిరగలిలో విసరి, పసుపు, కచ్చూరాలు కలిపి నలుగు పెట్టుట మనకు పెండ్లి పీటల నాటి నుండి పరిచయమే. పాదములకైతే పిండి కొంత ముతకగా ఉండవలెను. రెండు చెంచాల బియ్యపు రవ్వ, ఒక చెంచా పెసరపిండి, చిటికెడు పసుపు, ముద్ద అగునంత నువ్వులనూనె చాలును. పాదములను పది నిమిషములు గోరువెచ్చని నీట నానబెట్టి, ఈ ముద్దతో మడమలను రెండు మూడు నిమిషములు మెల్లగా రుద్దవలెను. కడిగి, వ్రేళ్ల సందులు పొడిగా తుడిచి, మడమలకు మాత్రము నూనె పూయవలెను. వ్రేళ్ల సందులలో చెమ్మ నిలువరాదు. వారమునకు ఒకటి రెండు మారులు చాలును. పగుళ్లున్నప్పుడు ఉప్పు కలిపినచో మంట పుట్టును.

అయితే ఈ పని అందరికీ తగదు. మధుమేహము గలవారికి పాదములలో స్పర్శ తగ్గవచ్చును. అట్టివారికి రాయి గీచినను, నీరు కాలినను తెలియదు. తెలియని గాయము పుండై, కాలికే ముప్పు తేవచ్చును. వారు నీట నానబెట్టుట, రాతితో రుద్దుట మాని, ప్రతి దినము అరికాలు చూచుకొని వైద్యుని సలహా పొందవలెను. నెత్తురు కారు పగులును ఎవరును రుద్దరాదు. ఆనెకాయలను ఇంట కత్తితో కోయుట మరింత ప్రమాదము.

బిగువు తగదు, సడలింపు తగదు అన్న వీణ ఉపమానము ఇక్కడ మరల వర్తించుచున్నది. రాతి గరుకు ఎంత అవసరమో, చేతి మెత్తదనము అంత అవసరము. ఇంటిలో రోజంతా నిలుచుండి పనిచేయు తల్లి మడమలు పగిలినవేమో ఈ సాయంకాలము ఒకమారు చూడవలసినది. ఆమె తానుగా చెప్పదు. చెంబెడు వేడినీళ్లు, గరిటెడు నూనె ఖర్చుతో తీరు ఋణమది.