ఇంజనుకు విసనకర్ర

వేసవి మధ్యాహ్నమున చంపాపేట్ మీదుగా సాగర్ రోడ్డున ప్రయాణించు వారికి ఈ దృశ్యము పరిచితమే. రోడ్డు ప్రక్కన ఒక పికప్ బండి ఆగి ఉండును. బానెట్టు పైకి లేపి ఉండును. లోపలినుండి ఆవిరి బుసలు కొట్టుచుండును. డ్రైవరు చేత నీళ్ళ సీసా పట్టుకొని ఇంజను వంక ఒకసారి, వెనుకనున్న సరుకు వంక ఒకసారి చూచుచుండును.

గత మే మాసమున నేనును అట్టి బండి ప్రక్కన కొంతసేపు నిలిచితిని. బండి నిండ మామిడిపండ్ల పెట్టెలు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారమునకు తరలినప్పటినుండి ఈ ప్రాంతపు బండ్లకు దూరము పెరిగినది. సమీపముననున్న షెడ్డునుండి మేస్త్రీ వచ్చెను. డ్రైవరు రేడియేటరు మూత మీద గుడ్డ వేసి తిప్పబోవుచుండగా మేస్త్రీ అతని చేయి పట్టుకొనెను.

"మూత తియ్యకు తమ్మీ, మొకం మీదికి ఎగజిమ్ముతది. సల్లగా కానియ్యి."

"ఇంజను పట్టేసిందంటే వాయిదాలు ఎట్ల కట్టాలె అన్నా?" అని డ్రైవరు అడిగెను.

ఆ ప్రశ్నలో ఒక కుటుంబపు జీవనమున్నది. ఆ బండికి బెల్టుతో తిరుగు పాత విసనకర్రను తీసివేసి, ఎవరో విద్యుత్తుతో తిరుగు విసనకర్రను బిగించిరి. అది ఆ మధ్యాహ్నము తిరుగలేదు. ఏల తిరుగలేదో తెలిసికొనుటకు ముందు, అసలు ఇంజనుకు విసనకర్ర ఎట్లు వచ్చెనో, అది బెల్టును విడిచి విద్యుత్తును ఏల ఆశ్రయించెనో తెలిసికొనుట మంచిది.

ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో స్థూలముగా మూడవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. సుమారు మరియొక మూడవ వంతు పొగగొట్టము ద్వారా వెలుపలికి పోవును. మిగిలిన దానిలో అధిక భాగమును ఇంజను చుట్టును తిరుగు నీరు మోసికొని పోయి, రేడియేటరులో గాలికి అప్పగింపవలెను. ఈ అప్పగింత నిలిచిపోయినచో కొద్ది నిమిషములలోనే గాస్కెట్టు కాలును, సిలిండరు హెడ్డు వంకరపోవును, తుదకు పిస్టను కదలక బిగిసిపోవును.

తొలి మోటారు బండికి విసనకర్ర లేదు. 1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో నీరు సిలిండరు చుట్టును కాగి, ఆవిరియై ఎగిరిపోవుచుండెను. పోయిన నీటిని మరల మరల పోయుటయే అప్పటి పద్ధతి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్ట్‌స్‌హైమ్‌నకు నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండిని నడిపినప్పుడు, దారి పొడుగునను నీటి కొరకు ఆగవలసి వచ్చెను. చంపాపేట్ డ్రైవరు చేతిలోని నీళ్ళ సీసాకు అంత పూర్వచరిత్ర కలదు.

ఈ బాధను తగ్గించినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900 సంవత్సరాంతమున రూపొందిన మెర్సిడెస్ 35 గుఱ్ఱపుశక్తి కారు కొరకు ఆయన తేనెపట్టు వంటి రేడియేటరును నిర్మించెను. అందులో 8,070 సన్నని చదరపు గొట్టములుండెను. గాలి ఆ గొట్టములగుండ పోవును. నీరు వాని నడుమ ప్రవహించును. అంతకు ముందు 18 లీటర్ల నీరు పట్టిన పని 9 లీటర్లతో నెరవేరెను. బండి మెల్లగా పోవునప్పుడు ఎదురుగాలి చాలదని గ్రహించి, ఆ రేడియేటరు వెనుక ఒక చిన్న విసనకర్రను కూడ అమర్చిరి. విసనకర్ర పుట్టినదే నిదానపు నడక కొరకు అను మాటను మనము గుర్తుంచుకొనవలెను.

అటుపిమ్మట 1908లో వచ్చిన ఫోర్డు టి మోడలులో విసనకర్రను ఇంజనే బెల్టుతో త్రిప్పెడిది. 1925లో ఫోర్డు సంస్థ అదే బండికి వెనుక సరుకు తొట్టి అమర్చి, పికప్ అను పేరుతో కార్ఖానానుండియే అమ్మసాగెను. హైదరాబాదులో నిజాం రాష్ట్ర రైల్వే వారు 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. వారి ఆల్బియన్ బస్సులు స్కాట్లండు నుండి వచ్చినవి. చల్లని దేశమున పుట్టిన ఇంజనులు దక్కను ఎండలో పనిచేయవలసి వచ్చెను. ఈ భేదము చిన్నది కాదు. రేడియేటరులో నీరు 95 డిగ్రీల వేడిమిలో ఉన్నదనుకొందము. డిసెంబరు ఉదయమున గాలి 20 డిగ్రీలైనచో రెంటి నడుమ తేడా 75 డిగ్రీలు. మే మాసపు మధ్యాహ్నమున గాలి 42 డిగ్రీలైనచో తేడా 53 మాత్రమే. ఆ తగ్గిన తేడాను హెచ్చు గాలితో పూరింపవలెను.

ఇచ్చటనే బెల్టు విసనకర్ర లోపము బయటపడును. మన ఇంటిలోని పంకాకు గోడమీద రెగ్యులేటరు ఉండును. ఉక్కపోసినప్పుడు పెంచుదుము, చలివేసినప్పుడు ఆపుదుము. బెల్టు విసనకర్రకు అట్టి స్వేచ్ఛ లేదు. ఇంజను ఎంత వేగముగా తిరిగిన అదియు అంత వేగముగా తిరుగును. ఎల్.బి. నగర్ కూడలిలో బండి నిలిచియున్నప్పుడు ఎదురుగాలి ఉండదు. అప్పుడే ఇంజను మందముగా తిరుగుచుండుటచే విసనకర్రయు మందగించును. విజయవాడ రోడ్డెక్కి వేగముగా పోవునప్పుడు ఎదురుగాలియే చాలును. అప్పుడు విసనకర్ర నిష్కారణముగా విజృంభించును. విసనకర్ర వేగము రెట్టింపైనచో అది తినివేయు శక్తి ఎనిమిది రెట్లగును. ఆ శక్తి అంతయు డ్రైవరు కొనిన ఇంధనమే.

విద్యుత్తుతో విసనకర్రను త్రిప్పినచో ఈ చిక్కు తీరునని తెలియుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అవసరము లేదు. కాని దానికి కరెంటు కావలెను. అప్పటి బండ్లలోని డైనమో, ఇంజను మందముగా తిరుగునప్పుడు దాదాపు ఏమియు ఇయ్యజాలదు. అనగా, కూడలిలో నిలిచిన బండికి విసనకర్ర మిక్కిలి అవసరమైన వేళనే భారమంతయు బ్యాటరీపై పడును. సిలికాన్ డయోడులు వచ్చిన తరువాత ఆల్టర్నేటరు సాధ్యమైనది. అది మందవేగమున కూడ తగినంత కరెంటు ఇచ్చును. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1960 నాటి వేలియంట్ కారులో దానిని అందరికిని అందించెను.

రెండవ కారణము ఇంజను నిలిచిన తీరు. ముందు చక్రములను త్రిప్పు చిన్న కార్లలో ఇంజనును అడ్డముగా పెట్టిరి. ముందుభాగమున రేడియేటరు, అడ్డముగా ఇంజను ఉన్నచో రెంటిని ఒక బెల్టుతో కలుపుట కష్టము. 1969లో ఇటలీ నుండి వచ్చిన ఫియట్ 128లో రేడియేటరు ముందుభాగముననే నిలిచెను. దానికి వేడిమిని బట్టి తనంతట తిరుగు విద్యుత్ విసనకర్రను అమర్చిరి. 1973 నాటి చమురు సంక్షోభము తరువాత ఇంధనపు పొదుపు అందరికిని అవసరమైనది. మన దేశమున 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 ఇంజనును అడ్డముగా పెట్టిన బండియే. విద్యుత్ విసనకర్రను ఎందరో భారతీయులకు అదియే పరిచయము చేసెను.

సరుకు బండ్ల దారి వేరు. హైదరాబాదులో 1942లో స్థాపింపబడిన ఆల్విన్ సంస్థ పేరుతో, జపాను దేశపు నిస్సాన్ సహకారమున, 1980వ దశకములో జహీరాబాదు వద్ద తేలికపాటి సరుకు బండ్ల నిర్మాణము సాగెను. 1989లో అది మహీంద్రా వారి చేతికి వచ్చెను. సాధారణముగా ఇట్టి బండ్లలో ఇంజను నిలువుగా ఉండును. కావున బెల్టును విడువవలసిన నిర్బంధము లేదు. పెక్కింటిలో సిలికోన్ నూనె నింపిన క్లచ్చును మధ్యనుంచి, వేడి పెరిగినప్పుడు మాత్రమే విసనకర్ర గట్టిగా తిరుగునట్లు చేసిరి. బరువు లాగు బండికి అది నమ్మదగిన పద్ధతి. ఆ క్లచ్చు అరిగినప్పుడో, ఇంధనము ఆదా అగునను ఆశతోనో కొందరు దానిని తీసి విద్యుత్ విసనకర్రను పెట్టించుచున్నారు. పని చిన్నదిగా కనిపించును. తప్పు జరుగుటకు అవకాశము మాత్రము చిన్నది కాదు.

ఇప్పుడు మరల చంపాపేట్ షెడ్డునకు పోవుదము. ఇంజను చల్లారిన పిదప మేస్త్రీ విసనకర్ర మోటారుకు బ్యాటరీ నుండి నేరుగా రెండు తీగలు తగిలించెను. అది వెంటనే తిరిగెను. మోటారు బాగుగనే ఉన్నది. రేడియేటరు శుభ్రముగనే ఉన్నది. పూర్వము బిగించినవారు సన్నని తీగను డాష్‌బోర్డు మీది ఒక చిన్న స్విచ్చి గుండ మోటారుకు కలిపియుండిరి. 12 వోల్టుల విసనకర్ర 20 ఆంపియర్లు తీసికొన్నచో 240 వాట్లు. బయలుదేరు క్షణమున అంతకు కొన్ని రెట్లు లాగును. ఆ స్విచ్చి లోపల కాలిపోయినది. డ్రైవరు మీట నొక్కెను; విసనకర్ర తిరుగుచున్నదనియే అతడు నమ్మెను.

మేస్త్రీ చేసిన మరమ్మతు ఇట్టిది. బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు పెట్టి, అచ్చటినుండి లావు తీగను రిలే ద్వారా మోటారుకు తెచ్చెను. రిలే అనగా కొద్దిపాటి కరెంటు ఆజ్ఞాపించగా పెద్ద కరెంటును కలుపునట్టిది. ఆ ఆజ్ఞ ఇచ్చు పనిని రేడియేటరుకు బిగించిన వేడి స్విచ్చికి అప్పగించెను. నీరు 95 డిగ్రీలకు చేరగనే అది కలియును. 90కి దిగిన తరువాత విడిపోవును. ఈ ఐదు డిగ్రీల ఎడము లేకున్న విసనకర్ర క్షణమునకొకసారి వెలుగుచు ఆరుచు రిలేను పాడుచేయును. విసనకర్ర గాలిని ఇంజను వైపునకే లాగుచున్నదా యని ఒక కాగితపు ముక్కను రేడియేటరు ముందు పట్టి చూచెను. తీగలు తారుమారైనచో అది ఎదురుగాలితో పోరాడును. చివరకు, తిరుగునప్పుడు వెలుగు చిన్న దీపమొకటి డ్రైవరు కంటికెదురుగా అమర్చెను. అది విసనకర్ర తీగల నుండియే వెలుగును, స్విచ్చి నుండి కాదు.

అంతలో మూత సంగతి అడిగితిని. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన హైదరాబాదులో తెరచిన గిన్నెలోని నీరు 100 డిగ్రీలకు ఒకటి రెండు తక్కువగానే మరగును. రేడియేటరు మూత ఒత్తిడిని బిగపట్టుటచే లోపలి నీరు 115 డిగ్రీలు దాటినను మరగక నిలుచును. మూత తీసినచో ఒత్తిడి పోయి, నీరు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖముపైకి ఎగయును. ఈ సంగతి తెలియక కాలినవారెందరో కలరు.

బెర్తా బెంజ్ కాలమున ఇంజను వేడెక్కినచో ఆ సంగతి ఆవిరియే చెప్పెడిది. బెల్టు తెగినచో డైనమో కూడ ఆగి ఎఱ్ఱదీపము వెలిగెడిది. విద్యుత్ విసనకర్ర ఆగినప్పుడు ఏ చప్పుడును ఉండదు. గాలిని ఇంజను వేగమునుండి విడదీసి మనము స్వేచ్ఛను సంపాదించితిమి. దానితో పాటు, అది నిజముగా వీచుచున్నదా యని చూచుకొను బాధ్యతయు మన మీద పడినది. కాలిన స్విచ్చి ఖరీదు మామిడిపండ్ల పెట్టె ఒకదానికి కూడ సరిపోదు. దానిమీద ఆధారపడినది ఇంజను, ఇంజను మీద వాయిదాలు, వాయిదాల మీద ఒక ఇల్లు.

సాయంకాలము నాలుగు గంటలకు ఆ బండి కదిలెను. కూడలి వద్ద ఆగినప్పుడు చిన్న దీపము వెలిగినదట. డ్రైవరు మరునాడు మేస్త్రీకి ఫోను చేసి ఆ సంగతియే మొదట చెప్పెనని తెలిసినది.