ఖుక్రీ నావికులు
(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



రాత్రి పావు తక్కువ తొమ్మిది అంటే మనకి గుర్తొచ్చేదేమిటి? పిల్లలకి పెరుగన్నం కలపడం, పొయ్యిగట్టు తుడుచుకోవడం, మర్నాటి దోసెల పిండి మీద మూత పెట్టడం. మా ఇంట్లో మాత్రం ఆ వేళకి ఇంకో అర్థం కూడా ఉండేది. మా పెద్దమావయ్య రాజమండ్రి వచ్చి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, గోడ గడియారం ముల్లు అక్కడికి చేరుతోందంటే లేచి రేడియో కట్టేసేవారు. తొమ్మిదయ్యాక మళ్ళీ ఆయనే పెట్టేవారు. చిన్నప్పుడు అదొక చాదస్తం అనుకునేదాన్ని. కారణం ఏమిటో నాకు పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టిన తర్వాతగానీ తెలియలేదు.

మావయ్య నౌకాదళంలో స్టోకరు. అంటే ఓడ అడుగున ఇంజను గదిలో పనిచేసే మనిషి. లోనావలాలో ఐ.ఎన్.ఎస్. శివాజీ అని వీళ్ళకి శిక్షణ ఇచ్చే చోటు ఉంది. అక్కడ పక్క మంచం మీద పడుకున్న కుర్రాడు తర్వాత ఖుక్రీ అనే యుద్ధనౌక మీదికి వెళ్ళాడట. మావయ్యని విశాఖపట్నం వేశారు. ఎవరి ఓడ ఎవరికి రాసిపెట్టి ఉందో!

1971 డిసెంబరులో పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. 3వ తేదీన మొదలై 16న ముగిసింది. పదమూడు రోజుల యుద్ధమే, కానీ ఆ పదమూడు రోజుల్లోనే రెండు సముద్రాల్లో రెండు ఓడలు మనుషులతో సహా మునిగిపోయాయి. ఒకటి వాళ్ళది, మన విశాఖ దగ్గర. రెండోది మనది, గుజరాత్ దిగువన డయ్యూ దగ్గర.

విశాఖ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, 2017లో ‘ఘాజీ’ సినిమా వచ్చింది కనుక. సినిమాలో కల్పన పాలు ఎక్కువే, అది అలా ఉంచండి. ఘాజీ అనేది పాకిస్తాను జలాంతర్గామి. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ నవంబరు 14న కరాచీలో బయల్దేరి, దేశం చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ని మనవాళ్ళు అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళ విశాఖ తీరంలో పెద్ద పేలుడు వినిపించింది. ఇళ్ళల్లో కిటికీ అద్దాలు అదిరాయని అప్పట్లో అక్కడున్నవాళ్ళు చెబుతారు. తెల్లవారాక నీళ్ళమీద తేలుతున్న వస్తువులు మత్స్యకారుల కంటబడ్డాయి. మన రాజ్‌పుత్ నౌక వేసిన బాంబులవల్లే ఘాజీ పోయిందని మనం, లోపల ఉన్న సొంత పేలుడు సామగ్రి వల్ల పోయిందని వాళ్ళు అంటారు. అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. ఘాజీ మునిగిన సంగతి మనవాళ్ళు డిసెంబరు 9న బయటపెట్టారు. అంటే అన్నాళ్ళూ ఆ 93 ఇళ్ళల్లోనూ ఎదురుచూస్తూనే ఉన్నారన్నమాట.

సరిగ్గా అదే 9వ తేదీ రాత్రి ఖుక్రీ వంతు వచ్చింది.

ఖుక్రీ మరీ పెద్ద ఓడేం కాదు. పొడవు 310 అడుగులు, అంటే నాలుగు రైలుపెట్టెలు వరసగా పెడితే ఎంతో అంత. అందులో దాదాపు 260 మంది. ఫ్రిగేట్ అంటారు ఆ రకాన్ని. జలాంతర్గాముల్ని వెతికి పట్టడం దాని పని. డయ్యూ దగ్గర శత్రువుల జలాంతర్గామి ఒకటి తిరుగుతోందని జాడ దొరికితే, ఖుక్రీనీ, దాని జోడీ కిర్పాన్‌నీ పంపారు. ఇక్కడో చిక్కుంది. నీళ్ళ కింద శబ్దాన్ని వినే యంత్రాన్ని సోనార్ అంటారు. మన ఓడ సోనార్ వినగలిగే దూరం తక్కువ. ఆ జలాంతర్గామి పేరు హంగోర్, ఫ్రాన్సులో కట్టిన కొత్తది, దాని చెవి ఇంకా దూరం వినగలదు. వేటాడ్డానికి వెళ్ళినవాడికన్నా దాక్కున్నదాని చెవే పదునన్నమాట. మన సోనార్‌కి మరికాస్త దూరం వినబడేలా కొత్త పరికరం ఒకటి ఖుక్రీలో పరీక్షిస్తున్నారు. అది సరిగా పనిచేయాలంటే ఓడ నెమ్మదిగా పోవాలి. నెమ్మదిగా పోయే ఓడని గురి చూసి కొట్టడం తేలిక. తెలిసే ఆ ప్రమాదానికి ఒప్పుకున్నారు.

రాత్రి పావు తక్కువ తొమ్మిది. ఓడలో రేడియో పెట్టారు, వార్తలు మొదలవుతున్నాయి. యుద్ధం రోజులు కదా, పని దిగినవాళ్ళంతా చుట్టూ చేరారు. వార్తలు మొదలయ్యాయో లేదో టార్పెడో తగిలిందని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. దీపాలు ఆరిపోయాయి. నిమిషాల్లో ఓడ మునిగిపోయింది.

ఇంతమంది ఎందుకు పోయారు, ఈత రాదా అని నేనొకసారి మావయ్యని తెలివితక్కువగా అడిగాను. ఆయన కోప్పడలేదు. “అమ్మాయీ, మీ పెరట్లో అటక ఎక్కే నిచ్చెన ఉందే, ఓడలో మెట్లంటే అవి. పైన మనిషి పట్టేంత కంత. కరెంటు లేదు, ఓడ ఒరిగింది, నిచ్చెన గోడయింది, గోడ నేలయింది. కింద నూటపాతిక మంది, కంత ఒకటి. ఈత సంగతి నీళ్ళలోకి రాగలిగితే కదా!” అన్నారు. రేడియో ఎందుకు కట్టేస్తారో ఆ రోజే చెప్పారు. పక్క మంచం కుర్రాడు ఆ రాత్రి పైన ఉన్నాడో కింద ఉన్నాడో ఆయనకి తెలియదు. వార్తల ముందు వచ్చే సంగీతం వినబడితే మాత్రం కింద ఉన్నట్టే కనబడతాడట.

ఓడ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా. గోరఖ్‌పూర్‌లో పుట్టిన కాశ్మీరీ. అప్పటికి నలభై అయిదేళ్ళు. ఆయన కథ పిల్లల పుస్తకాల్లో కూడా ఉంటుంది. తన లైఫ్ జాకెట్ వేరొకరికి ఇచ్చేశాడు. దూకడానికి జంకుతున్నవాళ్ళని నీళ్ళలోకి నెట్టాడు. తను మాత్రం ఓడ దిగలేదు. నీళ్ళలో తేలుతూ వెనక్కి చూసినవాళ్ళకి బ్రిడ్జి మీద తన కుర్చీలో కూర్చుని కనిపించాడట. ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చింది, ఆయన లేకుండా.

ఆ త్యాగం గురించి ఉపన్యాసాలు చాలా విన్నాను. వేదిక మీద పెద్దలంతా ముల్లాగారి పేరు చెప్పి, “తదితరులు” అని ఒక్క మాటతో దాటేస్తారు. నాకు అక్కడే బాధ. నేను చదివింది పదో తరగతే, అయినా నాకు తోచింది చెబుతాను. ఆ కెప్టెన్ ఎందుకు దిగలేదు? దిగలేనివాళ్ళు ఇంకా కింద ఉన్నారు కాబట్టి. పోయినవారు 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు. ఆ 176లో వంటవాళ్ళున్నారు, ఇంజనువాళ్ళున్నారు, వైర్లెస్ కుర్రాళ్ళున్నారు. ఆయన ఎవరికోసం ఉండిపోయాడో వాళ్ళని “తదితరులు” చేసేసి, ఆయన్నొక్కణ్ణీ తలుచుకుంటే ఆయన చేసిన పని మనకి అర్థమైనట్టేనా?

బతికినవారు 67 మంది. మర్నాడు కచ్చల్ అనే మన నౌక వచ్చి వాళ్ళని నీళ్ళలోంచి తీసింది. పోయినవారు ఓడతోనే ఉండిపోయారు. ఇంటికి తెచ్చుకోవడానికి ఏమీ లేదు. మన ఆడవాళ్ళకి ఇది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. కళ్ళతో చూడకుండా బొట్టు తీయమంటే ఏ చెయ్యి కదులుతుంది?

డయ్యూలో కొండమీద, సముద్రానికి ఎదురుగా, ఖుక్రీ నమూనాని గాజు గదిలో పెట్టి 1999లో స్మారకం కట్టారు. 2019లో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచినప్పుడు 25,942 మంది పేర్లు రాతి పలకల మీద చెక్కారు. ఆఫీసరని పెద్ద అక్షరాలు, నావికుడని చిన్న అక్షరాలు లేవట. ఎవరైనా ఢిల్లీ వెళితే కుతుబ్ మీనారు తర్వాతైనా సరే, అక్కడికి ఒకసారి వెళ్ళండి.

ఖుక్రీ పేరుతోనే 1989లో ఇంకో యుద్ధనౌక వచ్చింది. ముప్పై రెండేళ్ళు పనిచేసి, 2021 డిసెంబరు 23న సూర్యాస్తమయం వేళ మన విశాఖలోనే పతాకం దించుకుంది. తర్వాత దాన్ని డయ్యూకే ఇచ్చారు, మొదటి ఖుక్రీ మునిగిన నీళ్ళ ఒడ్డుకి. ఘాజీ మాత్రం విశాఖ దగ్గర అడుగునే ఉంది. 2024లో మన నౌకాదళం కొత్త యంత్రంతో దిగి దాన్ని చూసింది. లోపల ఉన్నవారి మీద గౌరవంతో, ముట్టుకోకుండా వచ్చేశారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మావయ్యతో వెళ్ళిన పుష్కరాలు గుర్తొచ్చాయి.

అది 2015. అత్తయ్యా నేనూ రేవు మెట్లమీద గిన్నెలూ గుడ్డలూ కాపలా కాస్తున్నాం. మావయ్య తల్లికీ తండ్రికీ తాతలకీ అందరికీ పెట్టారు. చివర్న స్నేహితుడికి అన్నారు. పురోహితుడు గోత్రం అడిగాడు. తెలియదన్నారు. పేరు చెప్పారు. ఇంకా ఉన్నారండీ, వాళ్ళ పేర్లు తెలియవు, ఓడ పేరు ఖుక్రీ అన్నారు. ఆ బ్రాహ్మడు ఒక్క క్షణం చూసి, “ఓడ పేరు చెప్పి వదలండి బాబూ” అన్నాడు.

మావయ్య వదిలారు. లేస్తారనుకుంటే లేవలేదు. ఉత్త నీళ్ళే మరో దోసెడు తీసి వదిలారు.

“ఇదెవరికండీ?” అంది అత్తయ్య మెట్టు మీంచి.

“విశాఖ దగ్గరున్నారే, వాళ్ళకి” అని, తడిబట్టలు పిండుకుంటూ పైకొచ్చి, కాకినాడ బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నారు.