పొయ్యి చెప్పే తప్పు: ఎలక్ట్రిక్ రేంజ్‌లో ఫాల్ట్ కోడ్‌ల చరిత్ర

ఉత్తర అమెరికా వంటగదుల్లో పైన నాలుగు బర్నర్లు, కింద ఓవెన్ కలిసి ఒకే పెట్టెగా ఉండే వంట పరికరాన్ని రేంజ్ అంటారు. కరెంటుతో పనిచేసే రేంజ్‌లో ఏదైనా చెడినప్పుడు, గడియారం కనిపించే తెర మీదనే ఎఫ్2, ఎఫ్3 వంటి పొట్టి గుర్తులు మెరుస్తాయి. ఫాల్ట్ కోడ్‌లు, అంటే లోపసంకేతాలు, ఇవే. యంత్రం తన తప్పును తానే చెప్పుకునే ఈ ఏర్పాటు రేంజ్ చరిత్రలో చాలా ఆలస్యంగా వచ్చింది. ఏ కోడ్ ఎందుకు పుట్టిందో చూస్తే, ఏ కాలంలో ఏ కొత్త భాగం ఈ పొయ్యిలో చేరిందో కూడా తెలుస్తుంది.

1892 ఆగస్టు 29న కెనడా రాజధాని ఒట్టావాలోని విండ్సర్ హోటల్లో థామస్ అహెర్న్ ఏర్పాటు చేసిన విందు, పూర్తిగా విద్యుత్తుతో వండిన తొలి భోజనాల్లో ఒకటిగా చరిత్రకెక్కింది. అయితే ఆనాటి హీటర్ తీగలు ఎర్రగా కాగి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెళుసుబారి, త్వరలోనే తెగిపోయేవి. నికెల్, క్రోమియం కలిసిన మిశ్రలోహానికి ఆల్బర్ట్ మార్ష్ 1906లో అమెరికా పేటెంటు పొందాక ఈ చిక్కు తీరింది. నైక్రోమ్‌గా పేరుపడిన ఈ తీగ వేడెక్కినప్పుడు దాని పైన ఏర్పడే ఆక్సైడ్ పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. తెలుగు ఇళ్లలో, హాస్టల్ గదుల్లో ఒకప్పుడు వాడిన కాయిల్ స్టవ్‌లో పింగాణీ బిళ్ల గాడిలో అమర్చిన స్ప్రింగు తీగ కూడా ఈ జాతిదే. అది తెగితే తెగినచోటు కంటికే కనిపించేది కనుక, లోపం కనుక్కోవడానికి వేరే పరికరం అవసరం ఉండేది కాదు.

తరువాతి కాలంలో తీగను లోహపు గొట్టంలో పెట్టి, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి మూసివేయడంతో లోపం కంటికి కనిపించడం మానేసింది. ఓవెన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మాత్రం చాలాకాలం యాంత్రికంగానే ఉండి, సన్నని గొట్టంలోని ద్రవం వేడికి వ్యాకోచించి పలుచని లోహపు బిళ్లను నెట్టగా స్విచ్ తెరుచుకునే పద్ధతిలో పనిచేసేది. ఆ రోజుల్లో మరమ్మతు చేసేవారు టెస్ట్ ల్యాంపుతోనో మీటరుతోనో ఒక్కొక్క భాగాన్ని పరీక్షిస్తూ, కరెంటు ఎక్కడ ఆగిందో వెతికేవారు.

ఈ స్థితిని మార్చిన పరిణామాలు రెండు. 1963లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తనంతట తాను శుభ్రమయ్యే ఓవెన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. లోపలి జిడ్డును దాదాపు 480 డిగ్రీల సెల్సియస్ వద్ద బూడిద చేసే ఈ పద్ధతిలో, అంత వేడిలో తలుపు తెరుచుకోకుండా తాళం పడటం, వేడి హద్దు దాటకుండా కాపలా ఉండటం తప్పనిసరి అయ్యాయి. రెండవది, 1974లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ విడుదల చేసిన టీఎంఎస్ 1000 వంటి చవక మైక్రోకంట్రోలర్లు, అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్లు, గృహోపకరణాల్లో ప్రవేశించడం. తాళాన్నీ వేడినీ నిత్యం గమనించే చిప్, తాను గమనించిన తేడాను అంకెల తెర మీద చూపగలిగింది.

పాత రేంజ్‌లలో విరివిగా కనిపించే కోడ్‌లు ఈ క్రమాన్నే సూచిస్తాయి. ఎఫ్2 అంటే ఓవెన్ హద్దు మీరి వేడెక్కిందనీ, ఎఫ్3 అంటే ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ సర్క్యూట్ తెగిందనీ, ఎఫ్4 అంటే అదే సర్క్యూట్ షార్ట్ అయిందనీ, ఎఫ్7 అంటే మీటల పలకలో ఏదో మీట నొక్కుకుపోయిందనీ అనేక మోడళ్లలో అర్థం.

వీటిలో ఎఫ్3ను పరిశీలిస్తే కోడ్ శక్తీ, పరిమితీ రెండూ తెలుస్తాయి. ఓవెన్ వెనుక గోడ నుంచి పెన్సిల్‌లా ముందుకు పొడుచుకువచ్చే సెన్సార్‌లో, వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం పెరిగే ప్లాటినం భాగం ఉంటుంది. గది వేడిలో అది సుమారు 1,080 ఓములు, 177 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 1,650 ఓములు చూపుతుంది. బ్రేకర్ ఆపి, సెన్సార్ కనెక్టర్ ఊడదీసి కొలిచినప్పుడు మీటరు అనంతం చూపితే సెన్సార్ చెడిందని అర్థం. అక్కడ కొలత సరిగ్గా ఉండి కంట్రోల్ బోర్డు దగ్గర సరిగ్గా లేకపోతే, లోపం మధ్యలోని వైరులోనో, వేడికి మాడిన కనెక్టర్‌లోనో ఉన్నట్టు. రెండు చోట్లా సరిగ్గా ఉంటే అనుమానం బోర్డు మీదికి మళ్లుతుంది. ఈ మూడు సందర్భాల్లోనూ తెర మీద పడేది ఒకే ఎఫ్3 కనుక, కోడ్ చూసి సెన్సార్ కొనేసేవారి డబ్బు తరచు వృథా అవుతుంది.

అసలు కోడే రాని లోపాలూ ఉన్నాయి. అమెరికా ఇళ్లలో రేంజ్‌కు 120 వోల్టుల లైన్లు రెండు వస్తాయి. హీటర్లు రెండింటి మధ్య 240 వోల్టుల మీద, గడియారం, కంట్రోల్ బోర్డు ఒకే లైనుకూ న్యూట్రల్‌కూ మధ్య పనిచేస్తాయి. రెండో లైను పోతే తెర యథాతథంగా వెలుగుతున్నా ఓవెన్ వేడెక్కదు.

అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నింటికీ ఉమ్మడి లోపసంకేతాలు తప్పనిసరి కాగా, రేంజ్‌లకు అటువంటి ఉమ్మడి భాష ఏర్పడలేదు. ఒక కంపెనీ ఎఫ్1 మరొక కంపెనీ ఎఫ్1 కాదు. మరమ్మతు సమాచారాన్ని యజమానులకూ బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలనే మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాల చట్టాలు 2024 జూలై 1న అమల్లోకి వచ్చి, గృహోపకరణాలకు కూడా వర్తిస్తున్నాయి. అయినా చాలా రేంజ్‌లలో ఆ మోడల్ కోడ్‌ల అర్థాలు, ఓముల పట్టిక, వైరింగ్ పటం ఉన్న కాగితాన్ని తయారీదారులే మడతపెట్టి కంట్రోల్ ప్యానెల్ వెనకో, అడుగు సొరుగు దగ్గరో ఉంచుతారు. అటువంటి కాగితాల్లో చాలావాటి మీద, దీన్ని తీసివేయరాదు, పారవేయరాదు అని ముద్రించి ఉంటుంది.