కొలోసియంలో కొట్లాట, కాలేజీలో సైకిల్ చెయిను

తెలుగు ఎం.ఏ. చదివినవారెవరూ తిక్కన విరాటపర్వంలోని కీచకవధను తప్పించుకుని బయటపడలేరు. చీకటి, నర్తనశాల, అజ్ఞాతవాసం బయటపడకూడదన్న నిర్బంధం, ఎదురుగా సామాన్యుడు కాని ప్రత్యర్థి. ఇన్ని కట్టుబాట్ల మధ్య భీముడు పోరాడాలి. ఆ కట్టుబాట్లే ఆ పోరుకు ప్రాణం. దీన్ని మనం తరగతిలో గంటలకొద్దీ వివరిస్తాం. అదే ఇద్దరు మనుషులు సినిమా తెరమీద కలబడితే మాత్రం 'స్టంట్లు' అని ముఖం తిప్పుకుంటాం. అభ్యుదయ విమర్శ దీనికి మరో రెండు మాటలు చేర్చింది: 'హింస', 'వ్యాపార ధోరణి'. ఆ మాటలు అబద్ధమని కాదు. చూడవలసినదాన్ని చూడకుండా దాటిపోవడానికి అవి మనకు బాగా పనికివచ్చాయన్నదే నా ఫిర్యాదు.

1963లో కమలాకర కామేశ్వరరావు తీసిన 'నర్తనశాల'లో కీచకుడు ఎస్.వి. రంగారావు. ఆయనకెదురుగా భీముడుగా నిలబడింది దండమూడి రాజగోపాలరావు. బరువులెత్తే పోటీల్లో 1951 ఆసియా క్రీడల పతకం తెచ్చిన మనిషి. కష్టపడి తయారైన ఒళ్ళు తెరమీద వేరుగా కనిపిస్తుందనడానికి ఆ భీముడే సాక్ష్యం.

కొట్లాట కూడా రచనే. సినిమావాళ్ళు దాన్ని 'ఫైట్ కంపోజింగ్' అంటారు. మనం ఛందస్సుకు వాడే శ్రద్ధే అందులోనూ ఉంది: ఎవరు ముందు కదలాలి, ఎక్కడ ఆగాలి, ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ పడాలి, కెమెరా ఎంత దూరంలో ఉండాలి. హాంకాంగ్ సినిమాలో ఈ వృత్తి చైనా సంగీత నాటకరంగం నుంచి వచ్చింది. సురభి, పౌరాణిక నాటకం మన సినిమాకు నటులనిచ్చినట్టే ఆ రంగం వారి సినిమాకు పిల్లిమొగ్గలు వేసేవాళ్ళను, కత్తి తిప్పేవాళ్ళను ఇచ్చింది. 1966లో కింగ్ హు తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ'కి ఫైట్లు కూర్చిన హాన్ యింగ్‌జియె ఆ రంగస్థలం మీద తయారైనవాడే. 1971లో బ్రూస్ లీ 'ది బిగ్ బాస్'కు కూడా ఆయనే. బ్రూస్ లీ తండ్రి కాంటనీస్ సంగీత నాటక నటుడు. కొడుకు 1958లో హాంకాంగ్ చా-చా నృత్యపోటీలో విజేత. పోరాటం నర్తనశాలలోనే పుట్టిందని ఇక్కడ కూడా అనుకోవచ్చు.

బ్రూస్ లీ తానే కథ రాసి, తానే దర్శకత్వం వహించి, ఫైట్లు కూడా తానే కూర్చిన సినిమా 'ది వే ఆఫ్ ది డ్రాగన్'. 1972 డిసెంబరు 30న హాంకాంగ్‌లో విడుదలైంది. ఏడు నెలలు తిరక్కుండానే, 1973 జూలై 20న, ఆయన చనిపోయాడు. కథ పేలవం. రోమ్ నగరంలో బంధువుల హోటలును ఒక మాఫియా ముఠా కాజేయాలని చూస్తుంటే, సాయానికి హాంకాంగ్ పల్లెవైపు నుంచి టాంగ్ లుంగ్ అనే యువకుడు వస్తాడు. ఊరు తెలియదు, భాష రాదు. విమానాశ్రయంలో ఆకలేసి, పట్టిక చదవడం చేతగాక ఏదో చూపిస్తే వరసగా సూపులే వస్తాయి. నల్లగొండ నుంచో సూర్యాపేట నుంచో వచ్చిన బస్సు ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగినప్పుడు చేతిసంచితో దిగి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటరు ఎక్కడో, హాస్టలు ఎక్కడో అడుగుతూ నడిచే కుర్రవాడికి ఆ ముఖం కొత్త కాదు. బ్రూస్ లీ మన కుర్రవాళ్ళకు దేవుడు కావడానికి కండలు సగమే కారణం. ఆ బెరుకు మిగతా సగం.

సినిమా చివర కొలోసియం శిథిలాల మధ్య కొట్లాట ఉంది. ముఠా యజమాని కిరాయికి తెచ్చిన అమెరికన్ యోధుడు కోల్ట్. ఆ వేషం వేసిన చక్ నోరిస్ నిజ జీవితంలోనూ కరాటే చాంపియనే. ఇద్దరూ ఎదురుపడగానే మీద పడిపోరు. ఎవరి చోట వారు ఒళ్ళు విరుచుకుంటారు, కీళ్ళు సడలించుకుంటారు. చేనుకు వెళ్ళేముందు కొడవలి పదును చూసుకునే మనిషి తీరు అది. దగ్గర్లో ఒక పిల్లికూన మాత్రమే ప్రేక్షకురాలు. మాటల్లేవు.

మొదట టాంగ్ లుంగ్ ఓడిపోతాడు. తన్నులు తిని కింద పడతాడు. లేవవద్దని కోల్ట్ వేలాడించి హెచ్చరిస్తాడు. అప్పుడు టాంగ్ లుంగ్ బలం పెంచడు, లయ మారుస్తాడు. కాళ్ళు నేలమీద నిలవవు, తేలిగ్గా ఎగురుతూ చుట్టూ తిరుగుతాడు. నేర్చుకున్న పద్ధతికి కట్టుబడిన కోల్ట్‌కు ఈ కదలిక అందదు. తానూ ఎగరాలని చూస్తాడు, కుదరదు. కెమెరా చాలాసార్లు దూరంగా ఉండి తల నుంచి పాదం దాకా చూపిస్తుంది. మన సినిమాల్లో లాగా పిడికిలి ఒక షాటులో, పడిపోవడం మరో షాటులో కాదు. దెబ్బకు కారణమూ ఫలితమూ ఒకే చూపులో అందుతాయి. చివరికి కోల్ట్ చెయ్యీ కాలూ విరిగిపోతాయి. ఇక చాలు, వద్దని టాంగ్ లుంగ్ తల అడ్డంగా ఊపుతాడు. కోల్ట్ వినడు, మళ్ళీ మీదికి వస్తాడు. చంపక తప్పని స్థితిలో చంపి, శవం పక్కన మోకరిల్లి, అతని కరాటే చొక్కా కప్పి, పైన బెల్టు పెడతాడు.

ఆ బెల్టు పెట్టడంలోనే ఈ సినిమా తన కథను మించింది. కోల్ట్ దుర్మార్గుడు కాడు, పనివాడు. తన విద్యను కూలికి అమ్ముకున్నవాడు. టాంగ్ లుంగ్ కూడా ఇంకొకరి హోటలు కోసం వచ్చినవాడే. వివాదానికి సొంతదారు అక్కడ లేడు. ఇద్దరు నిపుణులు ఒకరి పనితనాన్ని ఒకరు గుర్తించి కూడా చంపుకోవలసి రావడం విషాదం. హోటలు వంటవాడు వాంగ్ మామ, డబ్బుతో ఇంటికి, పెళ్ళాం పిల్లల దగ్గరికి చేరాలన్న ఆశతో సాటి పనివాళ్ళను వెన్నుపోటు పొడవడం ఇదే విషాదానికి మరో ముఖం. బ్రూస్ లీ ఇదంతా సిద్ధాంతంగా ఆలోచించాడని నేననను. దేహం చెప్పింది, అంతే.

ఈ సినిమాకు తెలుగులో వారసుడున్నాడు. 1989 అక్టోబరు 5న వచ్చిన 'శివ'కు బ్రూస్ లీ సినిమాయే ఆధారమనీ, హోటలు స్థానంలో కాలేజీ పెట్టాననీ రాంగోపాల్ వర్మ స్వయంగా చెప్పుకున్నాడు. అనుకరణ కథలో కంటే ఊపిరిలో ఎక్కువ. దెబ్బకు ముందరి నిశ్శబ్దం ఆ కొలోసియందే. నాగార్జున సైకిల్ చెయిను లాగే క్షణానికి ముందు హాలంతా బిగుసుకుపోవడం తెలుగు ప్రేక్షకుడికి కొత్త అనుభవం. అంతవరకు విఠలాచార్య జానపదాల్లో కాంతారావు కత్తియుద్ధాలు చూసి ఈలవేసిన ప్రేక్షకుడే అతను. కాని ఒకటి వర్మ వదిలేశాడు: ఓటమి. శివకు కొట్టడం ముందే వచ్చు. అతను పోరులో ఏమీ నేర్చుకోడు. జె.డి.కి కోల్ట్‌కున్న గౌరవం లేదు. 'శివ' మంచి సినిమా, ఇప్పటికీ. అయినా మా బడిపిల్లల తరాలు ఒకదాని తర్వాత ఒకటి దాని నుంచి చెయిను నేర్చుకున్నాయే గాని, ఆగడం నేర్చుకోలేదు.

'హింస' అన్న మాట గురించి ఒక మాట. దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి సినిమా హాళ్ళ దగ్గర 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పేలాయి. బస్సు కోసం నిలబడినవాళ్ళు, టిఫిను బండి దగ్గర తింటున్నవాళ్ళు, చదువుకునే పిల్లలు చనిపోయారు. ఆ హింసకు ఎదురుపడడం లేదు, ముఖం లేదు, చంపినవాడు మోకరిల్లడం లేదు. ఈ రోడ్డు మీద తిరిగేవారికి ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. దానికీ కొలోసియం కొట్లాటకూ ఒకే పేరు పెట్టే విమర్శ రెంటినీ చదవలేదు.

మన సినిమా మీద కోపం రావలసింది ఇంకోచోట. 'శివ' తర్వాతి దశాబ్దాల్లో ఎదుటివాడు మనిషిగా మిగల్లేదు. హీరో చెయ్యి విదిలిస్తే తాడు కట్టిన ఇరవైమంది గాల్లోకి లేచి సుమోల మీద పడతారు. హీరో బలం పుట్టుకతో, వంశంతో వచ్చింది. సాధనతో కాదు. అది భూస్వామ్య భావన అని గుర్తించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. గాల్లోకి లేచేవాళ్ళు మాత్రం రోజు కూలీకి నిజంగా కిందపడే ఫైటర్లు. ఆ పడడమూ ఒక విద్యే. ఒక క్షణం అటూ ఇటూ అయితే నడుం విరుగుతుంది. 1954లో మొదలైన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో పోరాటాల కూర్పుకు విడిగా బహుమతి ఇచ్చింది 2017లో, అరవై ఏళ్ళు దాటాక. 2023లో ప్రకటించిన పురస్కారాల్లో 'ఆర్ఆర్ఆర్' ఫైట్లకు కింగ్ సోలమన్‌కు అది దక్కింది. మాస్టరు పేరు ఇప్పుడు కొందరికైనా తెలుసు. ఆయన చెప్పిన చోట, చెప్పిన లెక్కకు, వీపు నేలకు ఆనేలా పడినవాళ్ళ పేర్లు చాలా సినిమాల టైటిళ్ళలో కనబడవు.