‘ఇంక్లైన్’: వాలు నుండి ఊరిపేరు దాకా

ఆంగ్ల ‘ఇంక్లైన్’కు మూలం లాటిన్ ‘ఇంక్లినారె’. ఒరుగుట, వంగుట దాని అర్థాలు. మనసు ఒకవైపు మొగ్గుట అనే లాక్షణికార్థం లాటిన్‌లోనే ఉంది. తెలుగు ఈ రెంటినీ వేరు చేస్తుంది: నేలకు వాలు, మనసుకు మొగ్గు. రెండవది త్రాసు నుండి వచ్చిన వ్యవహారం కావడం గమనార్హం. లాటిన్ ధాతువుకూ సంస్కృత ‘శ్రి’ ధాతువుకూ ఇండో-యూరోపియన్ మూలం ఒక్కటే. ఆనుకొనుట అనే ఆ అర్థమే ‘ఆశ్రయం’లో నిలిచింది. కనుక తెలుగువారికి ఈ పదం పూర్తిగా పరాయిది కాదు.

అయితే దీని అసలు తెలుగు చరిత్ర నిఘంటువులలో కాక సింగరేణి బొగ్గుగనులలో ఉంది. నిలువుగా దిగే గని షాఫ్టు. ఏటవాలు సొరంగంతో దిగేది ఇంక్లైన్. కార్మికుల వాడుకలో దారి పేరు గనికే పేరయింది. గనికి సంఖ్య చేరింది, సంఖ్యతో కాలనీ వెలసింది. గోదావరిఖని వద్ద ‘ఎయిట్ ఇంక్లైన్’ కాలనీ నేడు పత్రికలలో ‘యైటింక్లయిన్ కాలనీ’. పదాది అచ్చుకు ముందు యకారం చేరడం, రెండు పదాలు సంధిలో కలిసిపోవడం తెలుగు ఉచ్చారణకు సహజమే. దానిని ‘ఎనిమిదవ వాలు’ అని అనువదిస్తే అక్కడివారెవరూ గుర్తించరు.