ఇంటి డాబాపై సౌరవిద్యుత్తు: రామగుండం, గోదావరిఖని

సింగరేణి గనులు, ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న ఈ బొగ్గు ప్రాంతంలో ఇళ్లవాళ్లు డాబాల మీద సోలార్ ప్యానెళ్లతో కరెంటు తయారుచేసుకునే ఏర్పాటు ఇది. ఇక్కడ సౌరవిద్యుత్తు కొత్త కాదు: ఎన్టీపీసీ జలాశయంపై తేలియాడే 100 మెగావాట్ల సౌర కేంద్రం 2022 జులైలో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది.

ఇళ్లకు ప్రధాన ఆసరా కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు రూ.30,000, మూడోదానికి రూ.18,000 కలిపి గరిష్ఠంగా రూ.78,000 రాయితీ ఇస్తారు. పని పూర్తయ్యాక అది యజమాని బ్యాంకు ఖాతాలో పడుతుంది. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) బిగించే నెట్ మీటరు, పగలు మిగిలి లైనులోకి వెళ్లిన కరెంటును రాత్రి వాడకంలోంచి తీసేస్తుంది. కిలోవాటుకు నీడ పడని 100 చదరపు అడుగుల చోటు కావాలి. దాని నుంచి రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి.

పైకప్పు సొంతదై ఉండాలి కాబట్టి కంపెనీ క్వార్టర్లలో ఉండే కార్మికులకు ఈ రాయితీ అందదు. తీర్చవలసిన లోటు ఇది. పైగా 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్లలోపు వాడే అర్హులకు బిల్లు సున్నా. అందుకే సోలార్ ఖర్చు ఎక్కువగా కలిసొచ్చేది ఏసీలు నడిచే ఇళ్లకే.

ప్యానెళ్లపై బొగ్గు దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది. ఓపెన్‌కాస్టు గనులకు దగ్గరి డాబాలపై ప్యానెళ్లను పొద్దున్నే, అద్దం వేడెక్కకముందే, నీళ్లు పోసి మెత్తని గుడ్డతో తుడవాలి.