చిలపల లెక్క ఉంది, చేతుల లెక్క రాద్దాం

పొందూరు ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం మన శ్రీకాకుళం జిల్లా కంటే ఒక ఏడాది పెద్దది. సంఘం 1949లో పుట్టింది. విశాఖపట్నం జిల్లాను విడదీసి శ్రీకాకుళం జిల్లాను ఏర్పాటు చేసింది 1950 ఆగస్టు 15న. ఆంధ్ర రాష్ట్రం రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. తర్వాత 1979లో విజయనగరం వైపు కొంత భాగం పోయింది, 2022లో పార్వతీపురం వైపు మరికొంత పోయింది. జిల్లా హద్దులు ఇన్నిసార్లు మారినా సంఘం మాత్రం ఉన్న ఊళ్లోనే ఉంది, చేసే పనే చేస్తోంది. పత్తి ఇచ్చి నూలు తీసుకుంటుంది. నూలు ఇచ్చి గుడ్డ తీసుకుంటుంది. డెబ్బై అయిదేళ్ల చరిత్రను రెండు ముక్కల్లో చెప్పమంటే ఇంతే చెప్పాలి.

సంఘం కంటే ముందే ఇక్కడ ఖద్దరు ఉంది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం కోటిమంది సభ్యుల్ని చేర్చాలని, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. ఆ రోజుల్లో దేశంలో చాలాచోట్ల రాట్నం కొత్తగా నేర్పించాల్సిన పని. పొందూరు పట్టుశాలి నేతవాళ్ల ఇళ్లలో మాత్రం అది ఇంటి చాకిరీలో ఒక భాగం. ఇక్కడి సన్న ఖద్దరు గాంధీజీ దృష్టికి వెళ్లడం, ఆయన ‘యంగ్ ఇండియా’లో దాని ప్రస్తావన తేవడం, ఇంత సన్నని నూలు నిజంగా చేత్తోనే వడుకుతున్నారా అని చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పంపడం, ఇవన్నీ ఊళ్లో ఏ అరుగు మీద కూర్చున్నా వినిపించే సంగతులే. 1955లో భూదాన యాత్ర మీద ఇటు వచ్చిన వినోబా భావే సంఘ భవనానికి శంకుస్థాపన చేశారు. అక్కినేని నాగేశ్వరరావుగారు పొందూరు పంచె కట్టడంతో ఈ ఊరి పేరు సినిమా పత్రికల్లోకి కూడా ఎక్కింది. వీటిని వివరంగా రాసేవాళ్లు సంఘం ఈ జూబ్లీ సంచికలో వేరే ఉన్నారు కనుక నేను ఇంతటితో ఆపుతాను.

నేను రాయదలచుకున్నది ఈ మధ్య మనల్ని విడిచి వెళ్లిన వడుకు అమ్మల గురించి. జూబ్లీ సంచికల్లో సాధారణంగా అధ్యక్షుల ఫోటోలు, కార్యదర్శుల ఫోటోలు, వచ్చిపోయిన పెద్దల ఫోటోలు వేస్తారు. వేయాల్సిందే, వాళ్లు చేసిన సేవ తక్కువది కాదు. కానీ పెద్దలు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లిన పంచె వెనుక నూలు వడికినామె ఫోటో ఏ సంచికలోనూ కనపడదు. కరోనా కాలంలో కొందరు, వయసు మీదపడి కొందరు, కళ్లు కనిపించక రాట్నం ఆపేసిన కొన్నాళ్లకే కొందరు, ఒక తరం వరసగా వెళ్లిపోతోంది. ఈ వ్యాసంలో నేను ఎవరి పేరూ రాయడం లేదు. నాకు తెలిసిన నలుగురి పేర్లు రాసి మిగతావాళ్లను వదిలేస్తే అది న్యాయం కాదు. అందరి పేర్లూ ఎలా రాయాలన్నది చివర చెబుతాను.

ముందు వాళ్ల చేతులు ఏం చేశాయో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఊళ్లో పుట్టిన మనం రోజూ చూసిన పనే అయినా, సగం సంగతులు మన పిల్లలకు తెలియవు.

పొందూరు నూలుకు వాడే కొండపత్తి, పునాస పత్తి పొడుగు పింజ ఉన్న రకాలు కావు. మిల్లువాడు ఇలాంటి పొట్టి పింజను సన్న నూలుకు పనికిరాదని పక్కన పెడతాడు. దాన్నే మన అమ్మలు వంద కౌంటు దాకా తీశారు. తెచ్చిన పత్తిలో ఆకు ముక్కా, పురుగు తిన్న కాయా, రంగు తేడా ఉన్నదీ ముందు ఏరేస్తారు. ఆ తర్వాత వాలుగ చేప దవడ చేతికి వస్తుంది. ఆ దవడ మీద సూదిమొనల్లాంటి పళ్లు దగ్గరదగ్గరగా, వరసలు వరసలుగా ఉంటాయి. గింజ ఊడకుండానే పత్తిని కొద్దికొద్దిగా వేళ్ల మధ్య పట్టుకుని, ఆ పళ్ల మీద మెల్లగా దువ్వుతారు. నలుసు రాలిపోతుంది, పింజలన్నీ ఒక వైపుకు తిరుగుతాయి. గట్టిగా లాగితే పింజ తెగిపోతుంది, మెత్తగా లాగితే దుమ్ము మిగిలిపోతుంది. ఎంత బలం పెట్టాలన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. తల్లి చేతి మీద చెయ్యి వేసి నేర్పితేనే వస్తుంది.

దువ్విన పత్తిని చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీతో ఒత్తి గింజ తీస్తారు. చిన్న విల్లుతో దూదిని ఏకుతారు. ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెడతారు. నున్నగా ఉండే దొప్పలో ఏకు చెదరదు, నలగదు, దుమ్ము పట్టదు. ఇక్కడి దాకా వచ్చాక గాని రాట్నం దగ్గరికి వెళ్లరు. ఇరవై నాలుగు ఆకుల చక్రం కుడిచేత్తో తిరుగుతుంటే ఎడమచెయ్యి ఏకును వెనక్కి లాగుతుంది. చక్రం వేగానికీ చెయ్యి లాగే వేగానికీ పొత్తు కుదరాలి. చెయ్యి తొందరపడితే దారం తెగుతుంది, ఆలస్యం చేస్తే మెలి ఎక్కువై ముడులు పడుతుంది. ఎండ ముదిరి గాలి పొడిబారితే దారం మాటిమాటికీ తెగుతుంది కాబట్టి తెల్లవారుజామునే రాట్నం ముందు కూర్చునేవాళ్లు.

వంద కౌంటు అంటే ఎంతో లెక్క వేసి చూడండి. ఒక కౌంటు అంటే పౌను నూలుకు 840 గజాల పొడుగు. వంద కౌంటుకు 84,000 గజాలు. అంటే అరకిలో కూడా లేని దూదిలోంచి దాదాపు 77 కిలోమీటర్ల దారం. దాన్ని యంత్రం కాదు, అరవై డెబ్బై ఏళ్ల మనిషి ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ తీశాయి. అలా ఒక రోజు కాదు, ఒక ఏడాది కాదు, పదేళ్ల పిల్లగా తల్లి పక్కన కూర్చున్న నాటి నుంచి చూపు ఆనకుండా పోయే దాకా తీశాయి.

అది వాళ్ల బతుకులో ఒక పక్క. రెండో పక్కన ఉన్నది ఇల్లు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఏకులు చుట్టుకునేవాళ్లు. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని పత్తి దువ్వేవాళ్లు. సాయంత్రం నలుగురూ ఒక వరండాలో చేరితే పని జరిగేది, ఊరి కబుర్లూ నడిచేవి, పెళ్లి సంబంధాలు కూడా అక్కడే కుదిరేవి. మగవాళ్లు మగ్గం గుంటలో, ఆడవాళ్లు రాట్నం ముందు. భర్త పోయిన ఆడమనిషికి మగ్గం ఆగిపోయినా రాట్నం ఆగలేదు. వడికిన నూలును చిలపలుగా చుట్టి కట్టుకుని సంఘానికి వెళ్లి, అక్కడ కౌంటు చూసి తూకం వేయించుకుని, డబ్బులూ మళ్లీ పత్తీ తెచ్చుకోవడం ఆమెకు ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతికే దారి. ఆ డబ్బు పెద్ద మొత్తం ఎన్నడూ కాదు. పిల్లల పుస్తకాలకూ, మందులకూ, పండక్కి మనవరాలి గౌనుకూ సరిపోతే అదే గొప్ప. అయినా అది తన చేతి డబ్బు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఈ విద్య తరవాతి తరానికి అందలేదంటే పిల్లలు బద్ధకస్తులు కావడం వల్ల కాదు. చాలా ఇళ్లలో తల్లులే కూతుళ్లను రాట్నం దగ్గర కూర్చోనివ్వలేదు. “నా నడుం విరిగింది చాలు, నువ్వు చదువుకో” అన్నారు. రోజంతా వడికినా వచ్చేది చూస్తే పైడిభీమవరం మందుల కంపెనీలోనో, విశాఖలో దుకాణంలోనో దొరికే జీతం ముందు నిలవదు. మెచ్చుకోళ్లు ఎన్ని వచ్చినా కూలి గిట్టకపోతే రాట్నం తిరగదు. పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు త్యాగమూర్తులు అని ఒక్క మాట అనేసి ఊరుకుంటే వాళ్ల అసలు బాధను దాచిపెట్టినట్టే. వాళ్లు తమ పనిని ప్రేమించారు, ఆ పని కూతురికి వద్దనుకున్నారు. రెండూ నిజమే.

ఒక వడుకు అమ్మ పోతే సంఘం జాబితాలో ఒక పేరు తగ్గుతుంది. మగ్గం దగ్గర ఆ లోటు ఇంకోలా తెలుస్తుంది. చేతి నూలు మనిషికో తీరు. ఒకరి దారం కాస్త బిగువు, ఒకరిది కాస్త మెత్తన. ఏళ్ల తరబడి నేసినవాళ్లు చిలప పట్టుకుని అది ఎవరి చేతిదో చెప్పగలరు. పడుగుకు ఎవరి నూలు నిలుస్తుంది, పేకకు ఎవరి నూలు కుదురుతుంది అన్న ఎరుక వాళ్ల వేళ్లలో ఉంటుంది. ఒక్క మగ్గం ఆడాలంటే ఒక్క రాట్నం చాలదు, కొన్ని రాట్నాలు తిరగాలి. అందుకని ఒక ముసలమ్మ మంచాన పడితే వీధి అవతల మగ్గం నెమ్మదిస్తుంది. ఆమె పోయాక ఆ రాట్నం అటక ఎక్కుతుంది. దవడ ఏ డబ్బాలోనో పడి ఉంటుంది, అది ఏమిటో తెలియని కోడలు ఇల్లు సర్దేటప్పుడు పారేస్తుంది. పత్తిని వేళ్లతో నలిపి చూసి ఇది వందకు వస్తుంది, ఇది రాదు అని తేల్చే తెలివి మాత్రం అటక మీద కూడా దొరకదు.

సంఘం ఖాతా పుస్తకాలు ఉన్నాయి. ఎన్ని చిలపలు, ఏ కౌంటు, ఎంత కూలి అన్నది వాటిలో పడుతుంది. ఖాతా పుస్తకం పని అదే, అంతకు మించి ఆశించడం తగదు. ఆమె పుట్టిల్లు ఏది, ఎవరి దగ్గర నేర్చుకుంది, పక్కింటి పిల్లలు ఆమెను ఏమని పిలిచేవాళ్లు అన్నది రాయాల్సింది మనం. ఖాతాలో ఉన్న పేరుతో చాలామందిని వీధిలో ఎవరూ పిలవలేదు. ఫలానావారి కోడలు, ఫలానావాడి మామ్మ అనే బతికారు. మనవలకే అసలు పేరు పెద్దకర్మ కార్డు అచ్చు వేయించినప్పుడు తెలిసిన ఇళ్లు ఉన్నాయి.

ఇలాంటి పని మన జిల్లాకు కొత్త కాదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు లిపి లేని సవరల మాటను ఏళ్ల తరబడి వాళ్ల మధ్య కూర్చుని విని, రాసుకుని, నిఘంటువుగా తెచ్చారు. మన పక్కనే మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ, పెద్దపేరు ఉన్నవాళ్లదా లేనివాళ్లదా అని చూడకుండా, ఒకచోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. కథలు రాసినవాళ్ల ఫోటోలు అక్కడి గోడల మీద వరసగా ఉంటాయి. 2021 జూన్ 4న మాస్టారు వెళ్లిపోయారు, కథానిలయం నిలిచింది. ఒక్క కథ రాసినవాళ్లకు కూడా చోటు ఇచ్చిన జిల్లాలో, అరవై ఏళ్లు నూలు వడికినామెకు ఒక పేజీ ఇవ్వలేమా?

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. సంఘం ఆఫీసులో ఒక మంచి బైండు పుస్తకం పెట్టుకుందాం. పోయిన వడుకు అమ్మలకూ, నేతగాళ్లకూ మనిషికి ఒక పేజీ. అందులో పూర్తి పేరు, పిలిచే పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు ఉండాలి. ఎవరి దగ్గర, ఎన్నో ఏట పని నేర్చుకున్నారు, ఏ పత్తి వాడారు, ఎన్ని కౌంట్ల దాకా తీశారు, పిల్లలకు ఎందుకు నేర్పారు లేదా ఎందుకు నేర్పలేదు, వాళ్ల రాట్నం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అన్నదీ రాయాలి. ఒక ఫోటో అంటించాలి. ఫోటో లేకపోతే ఆమె వడికిన నూలు పోగు ఒకటి అంటించినా చాలు. జనవరి 30న ఖాదీ సంస్థలు గాంధీజీని తలుచుకుంటూ నూలు వడుకుతాయి. ఆ రోజున ఆ ఏడాది పోయినవాళ్ల పేజీలు పైకి చదువుదాం.

బతికున్నవాళ్ల విషయంలో ఆలస్యం అసలే పనికిరాదు. ఇవాళ మనవల చేతిలో సెల్‌ఫోన్ లేని ఇల్లు లేదు. మామ్మ రాట్నం ముందు కూర్చున్నప్పుడు ఆమె చేతుల్ని దగ్గర నుంచి వీడియో తీయండి. పత్తి ఏరడం దగ్గర మొదలుపెట్టి చిలప కట్టేదాకా ఆమె నోటితోనే చెప్పించండి. ఆమె పోయాక ఎంత డబ్బు పోసినా దొరకనిది ఇప్పుడు ఒక్క మధ్యాహ్నంలో దొరుకుతుంది.

ఈ సంచిక చదివిన ప్రతి ఇంటివారినీ అడిగేది ఒకటే. మీ ఇంట్లో పోయినవాళ్ల పేజీ మీరే రాసి సంఘానికి ఇవ్వండి. రాయడం రానివాళ్లు చదువుకుంటున్న పిల్లలకు చెప్పి రాయించండి. అటక మీద రాట్నం ఉంటే కిందికి దించి ఎవరిదో ఒక కాగితం మీద రాసి దానికి కట్టండి. వాలుగ దవడ కనిపిస్తే పారేయకండి.